జావా పల్లెలో ఇల్లూ పొలమూ నా పేరున కొనొచ్చా? అక్కడ కాపురం ఉంటున్నవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు జకార్తాలో ఉద్యోగం చేస్తున్నారు, పాస్‌పోర్టు ఇండియాదే. మీ ఆవిడది సెంట్రల్ జావాలో క్లాతెన్ వైపు ఓ పల్లె. ఆవిడ పిన్ని తన పాత ఇల్లు, చుట్టూ ఉన్న 15 సెంట్ల దొడ్డి, ఊరి బయట అరెకరం వరి పొలం కలిపి అమ్ముతానంటున్నారు. డబ్బు మొత్తం మీదే. దాన్ని మీ పేరున రాయించుకోవచ్చా, రిటైరయ్యాక అక్కడే ఉండిపోతే బతుకు ఎలా ఉంటుంది అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. మీ పేరున కుదరదు. మీ ఆవిడ పేరున కుదురుతుంది, కానీ మీ ఇద్దరి ఆస్తులు విడివిడి అని నోటరీ దగ్గర ఒప్పందం రాసుకున్నాకే. ఎవరో బంధువు పేరున కొని, అసలు ఓనర్ నేనే అని పక్క కాగితం రాయించుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. ఇక బతుకు సంగతంటారా, డబ్బు పెద్దగా ఖర్చు కాదు, మనిషే ఖర్చవుతాడు. మీరు ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు అనుకుని అడిగారు. నా అనుభవంలో రెండూ ఒకటే, ఎందుకో కింద మా కొలతల రోజు సంగతి చదివితే తెలుస్తుంది.

నేనెవరో కూడా చెప్పాలి కదా. మాది పశ్చిమ గోదావరి, తణుకు పక్కన. 2009లో సెంట్రల్ జావాలోనే ఉన్న సోలో నగరం దగ్గర ఓ స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్‌కి వచ్చాను, 2012లో ఇక్కడమ్మాయితో పెళ్లయింది, 2019 నుంచి క్లాతెన్ జిల్లాలో మా అత్తగారి ఊళ్లోనే ఉంటున్నాం. లాయర్ని కాను. మా ఇంటి కాగితాలు, మా బావమరుదులవి రెండు, తెలిసినవాళ్లవి ఓ అయిదారు దగ్గరుండి తిరిగి చేయించాను, అంతవరకే నా అనుభవం.

మీ పేరున ఎందుకు కుదరదంటే

ఇండోనేషియా భూమి చట్టం 1960లో వచ్చింది. అందులో పూర్తి యాజమాన్యాన్ని హక్ మిలిక్ అంటారు (హక్ అంటే మన హక్కే, ఇద్దరికీ అరబ్బీ నుంచి వచ్చింది). అది ఇండోనేషియా పౌరులకు మాత్రమే. విదేశీయుడికి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు కూడా తిరిగి రాదు, చట్టంలోనే ఇలా రాసి ఉంది. మన ఏజెన్సీలో 1/70 చట్టం తెలుసు కదా, గిరిజనేతరుడు ఎంత డబ్బు పెట్టినా అక్కడ భూమి అతనిది కాదు. ఇది అలాంటిదే, కాకపోతే దేశం మొత్తానికి.

అయినా మనవాళ్లు, తెల్లవాళ్లు, అందరూ 'పిన్జామ్ నామా' అనే దారి పడతారు. అంటే పేరు అరువు. మన బినామీయే. డ్రైవర్ పేరునో, బావమరిది పేరునో కొని, ఇంట్లో బీరువాలో ఓ ఒప్పంద పత్రం పెట్టుకుంటారు. ఆ మనిషి మంచివాడే అనుకుందాం. రేపు ఆయన పోతే ఆయన పిల్లలు నలుగురు వస్తారు, వాళ్లకి మీరెవరు? కోర్టుకెళ్తే ఆ ఒప్పందమే చట్టానికి విరుద్ధం అంటారు. నాకు తెలిసిన ఒక భారతీయుడు ఇలాగే పోగొట్టుకున్నాడు, వివరాలు రాయను, ఆయన ఇంకా ఆ బాధలోనే ఉన్నాడు.

విదేశీయులకు హక్ పకాయ్ అని వాడుకునే హక్కు ఒకటుంది. 2021 నిబంధనల్లో 30 ఏళ్లు, పొడిగిస్తే 20, మళ్లీ కొత్తగా తీసుకుంటే 30. వినడానికి బాగుంది గానీ విదేశీయుడు కొనే ఇంటికి కనీస ధర పెట్టారు. జకార్తా, బాలీ లాంటి చోట్ల విడి ఇల్లయితే 500 కోట్ల రుపియా, అంటే మన రెండున్నర కోట్ల రూపాయల పైమాటే. అది విల్లాలు కొనేవాళ్ల కోసం పెట్టిన దారి. పల్లెలో పెంకుటిల్లు కొనేవాడికి దాంతో పనిలేదు.

మీ ఆవిడ పేరున కొనడం, దానికో మెలిక

ఇక్కడ పెళ్లి చట్టం 1974ది. పెళ్లయ్యాక సంపాదించింది ఏదైనా ఇద్దరిదీ అంటుంది. అంటే మీ ఆవిడ కొన్న భూమిలో సగం మీదవుతుంది, మీరు విదేశీయులు, కాబట్టి ఆ భూమికి ఆవిడ హక్కు కూడా ఇరకాటంలో పడుతుంది. మిశ్రమ వివాహాల్లో చిక్కంతా ఇదే. దీనికి మందు ఆస్తులు విడివిడి అనే ఒప్పందం. ఒకప్పుడు దాన్ని పెళ్లికి ముందో, పెళ్లి రోజో రాసుకోవాల్సిందే. పెళ్లి కుదిరాక అత్తామామల ముందు కూర్చుని "నీది నీకే నాది నాకే" అని కాగితం రాయించే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి, మాకూ లేదు. అందుకే 2012 నుంచి నాలుగేళ్లు మా ఆవిడ సొంత ఊళ్లో సెంటు భూమి కొనలేకపోయింది.

2016 అక్టోబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం దీన్ని మార్చింది. జపాన్ అతన్ని పెళ్లి చేసుకున్న ఓ ఇండోనేషియా మహిళ అపార్ట్‌మెంట్ చేతికి రాక కేసు వేసింది, ఆ తీర్పుతో పెళ్లయ్యాక కూడా ఈ ఒప్పందం రాసుకోవచ్చని వచ్చింది. మేము 2017లో రాయించాం. నోటరీ దగ్గర రాశాక అక్కడితో అయిపోలేదు, పెళ్లి ఎక్కడ నమోదైందో అక్కడ దీన్నీ నమోదు చేయించాలి, ముస్లింలైతే కూఆ అనే మత వ్యవహారాల ఆఫీసులో, మిగతావాళ్లు సివిల్ రిజిస్ట్రీలో. చాలామంది నోటరీ సంతకంతో ఆగిపోతారు, తీరా రిజిస్ట్రేషన్ రోజున పీపీఏటీ (మన సబ్ రిజిస్ట్రారూ దస్తావేజు లేఖరీ కలిపితే ఆయన) ఆ నమోదు కాగితం అడిగితే మళ్లీ మొదటికొస్తారు.

ఒప్పందం రాశాక భూమి పూర్తిగా ఆవిడది. డబ్బు మీదైనా సరే. రేపు ఏదైనా తేడా వచ్చి విడిపోతే అందులో మీకు ఇటుక ముక్క రాదు. ఇది నేను చాలామందికి చెప్పాను, తల ఊపుతారు, తర్వాత "కానీ అన్నా, ఏదో ఒక క్లాజ్ పెట్టించుకుంటే" అంటారు. క్లాజ్ లేదు. మనసు ఒప్పుకోకపోతే కొనకండి, పాతికేళ్లకు లీజు రాయించుకుని ఉండండి, ఇదే ఊళ్లో ఇంతే హాయిగా ఉండొచ్చు.

ఒక మినహాయింపు చెప్పాలి. ఆ ఆస్తి మీ ఆవిడకు పుట్టింటి నుంచి వారసత్వంగానో, దానంగానో వస్తే అది మొదటినుంచీ ఆవిడ సొంతమే, ఒప్పందం లేకపోయినా. కానీ మీ విషయంలో పిన్ని అమ్ముతున్నారు, మీరు కొంటున్నారు, కాబట్టి అది వర్తించదు. అమ్మకాన్ని దానంగా రాయిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, పిన్ని గారి పిల్లలు రేపు దాన్ని ప్రశ్నించొచ్చు.

ఆవిడ మీకంటే ముందు వెళ్లిపోతే? (రాయడానికే ఇబ్బందిగా ఉంది, కానీ అడగాల్సిన ప్రశ్న.) మీకు వారసత్వం వస్తుంది, కానీ ఏడాదిలోపు పౌరుడెవరికైనా బదిలీ చేసేయాలి. అందుకే పిల్లల పౌరసత్వం ఏదో గట్టిగా చూసుకోవాలి. ఇక్కడి 2006 పౌరసత్వ చట్టం ప్రకారం మిశ్రమ దంపతుల పిల్లలకు 18 ఏళ్ల వరకు రెండు పౌరసత్వాలు ఉండొచ్చు, తర్వాత మూడేళ్లలో ఒకటి ఎంచుకోవాలి. కానీ మన దేశం రెండోదాన్ని ఒప్పుకోదు, పిల్లాణ్ణి ఎంబసీలో నమోదు చేయించేటప్పుడే వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. మేము ఇద్దరు పిల్లలకీ ఇండోనేషియా పాస్‌పోర్టే ఉంచి ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) తీశాం. మా నాన్నకి కొన్నాళ్లు కోపం వచ్చింది. నాకు భూమికంటే ఈ నిర్ణయమే కష్టమైంది.

కాగితాల్లో ఏది కాగితం

పిన్ని గారి దగ్గర ఏముందో ముందు చూడండి. పల్లెల్లో మూడు రకాలు కనిపిస్తాయి.

భూమి ఆఫీసు (బీపీఎన్) ఇచ్చిన హక్ మిలిక్ సర్టిఫికెట్ ఉంటే అదే అసలైనది. దాని నంబరు పట్టుకుని పీపీఏటీ ద్వారా బీపీఎన్‌లో సరిచూపించాలి. సెంతూహ్ తానాహ్‌కూ అని బీపీఎన్ వాళ్ల ఫోన్ యాప్ ఉంది, మ్యాపులో ఆ ముక్క కనిపిస్తుందో లేదో ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

రెండోది లెటర్ సి. ఇది ఊరి ఆఫీసులో ఉండే పాత పుస్తకం, మన అడంగల్ లాంటిది, డచ్చివాళ్ల కాలం పన్ను లెక్కల నుంచి వచ్చింది. గిరిక్, పెతోక్ అనే పాత పన్ను చీటీలు కూడా ఈ కోవే. ఇవి యాజమాన్య పత్రాలు కావు. 2021 నిబంధనలో వీటిని అయిదేళ్లలోపు, అంటే 2026 ఫిబ్రవరికల్లా నమోదు చేయించుకోవాలని పెట్టారు, గడువు దాటినవాటిని ఆనవాలుగా తప్ప రుజువుగా చూడరు. మూడోది ఏటా వచ్చే భూమి పన్ను నోటీసు. "పాతికేళ్లుగా పన్ను నేనే కడుతున్నా" అంటారు. మన దగ్గర ఇంటి పన్ను రసీదుతో ఇల్లు ఎవరిదో తేలుతుందా? అక్కడా తేలదు.

ఇవేవీ కాకుండా రసీదు మీద స్టాంపు అంటించి, ఊరి పెద్ద ఎదుట సంతకం పెట్టిన అమ్మకాలు బోలెడు. తెలంగాణవాళ్లకి సాదాబైనామా అంటే చాలు.

మా కేసు చెప్తాను. మేము కొన్నది మా ఆవిడ మేనమామ దగ్గర. ధర మాట్లాడుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. సర్టిఫికెట్ రావడానికి రెండేళ్లు. ఎందుకంటే లెటర్ సి లో పేరు వాళ్ల తాతది, ఆయన పోయి ముప్పై ఏళ్లు. జావాలో కొడుకులతోపాటు కూతుళ్లకీ వాటా ఉంటుంది, కాబట్టి వారసులు ఏడుగురు, అందులో ఒకాయన డెబ్బైల్లో ట్రాన్స్‌మిగ్రేషన్ (జావా జనాన్ని ప్రభుత్వమే వేరే దీవులకు పంపిన పథకం) కింద సుమత్రాలోని లాంపుంగ్ వెళ్లి అక్కడే స్థిరపడి, అక్కడే పోయారు. ఆయన పిల్లలు ముగ్గురు, ఒక్కరికీ ఈ ఊరు తెలియదు. వాళ్ల సంతకాల కోసం మా బావమరిది బస్సెక్కి లాంపుంగ్ వెళ్లాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ఎందుకంటే మొదటిసారి తెచ్చిన కాగితంలో ఒకమ్మాయి పేరు స్పెల్లింగు ఆమె కేటీపీ కార్డులో (ఇక్కడి గుర్తింపు కార్డు, మన ఆధార్ లాంటిది) ఉన్నట్టు లేదు. అంతా అయ్యాక పన్నులు. కొనేవాడు 5 శాతం (కొంత మొత్తం మినహాయించాక), అమ్మేవాడు రెండున్నర శాతం. మన దగ్గరిలాగే ధర తగ్గించి రాద్దామంటారు, వద్దు.

కొలతల రోజు

ఇదొక్కటి నెమ్మదిగా చదవండి.

సర్టిఫికెట్‌కి ముందు బీపీఎన్ నుంచి కొలిచేవాళ్లు వస్తారు. నాలుగు వైపులా ఉన్న పొరుగువాళ్లు వచ్చి, హద్దు ఇదే అని చూపించి, సంతకం పెట్టాలి. ఒక్కరు పెట్టకపోయినా పని ఆగుతుంది. మాకు మూడు వైపులా ఇబ్బంది లేదు. తూర్పున ఓ పెద్దాయన, ఊళ్లో అందరికీ ఎంబా, అంటే తాత. ముందురోజు మా ఆవిడ వెళ్లి చెప్పింది, ఆయన "ఇంగ్గిః, ఇంగ్గిః" అన్నారు. అంటే అవునవును. పొద్దున్నే జీపీఎస్ కర్ర పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, టీ తాగారు, అరటికాయ బజ్జీలు తిన్నారు, పది అయింది, పదకొండయింది, ఎంబా రాలేదు. చూస్తే పొలంలో కొడవలితో గడ్డి కోసుకుంటున్నారు. కుర్రాళ్లు వెళ్లిపోయారు. జావాలో ఒక మాట ఉంది, "ఇంగ్గిః ఇంగ్గిః ఓరా కెపాంగ్గిః" అని, అవునవునంటాడు గానీ ఆ పని కనిపించదని. మొహమ్మీద కాదనడం వాళ్లకి రాదు. మీరు గోదారి జిల్లా అయితే ఇది అలవాటవడానికి ఏళ్లు పడుతుంది, మనం కాదంటే పక్క వీధికి వినపడుతుంది కదా.

అత్తగారిని అడిగితే అప్పుడు చెప్పారు. ఆ ముందు నెల ఎంబా వాళ్ల భార్య పోయి వెయ్యి రోజులు. ఇక్కడ మనిషి పోయాక మూడు, ఏడు, నలభై, వంద రోజులకీ, ఆఖరికి వెయ్యో రోజుకీ భోజనాలు పెట్టి ప్రార్థన చేస్తారు, వెయ్యో రోజుది అన్నిటికంటే పెద్దది. మమ్మల్ని పిలిచారు. నాకు షిఫ్టు ఉంది, మా ఆవిడ సోలోలో ఉంది, కవర్లో డబ్బు పెట్టి బావమరిదితో పంపించాం. మన లెక్కలో అది మర్యాదే. హద్దు మీద ఉన్న పనసచెట్టు పోయిన ఆ ఎంబా భార్య నాటిందట.

ఆ సాయంత్రం అత్తగారు నన్ను వెంటబెట్టుకుని కిలో పంచదార, రెండు టీ పొట్లాలు తీసుకుని ఎంబా ఇంటికి వెళ్లారు. రెండు గంటలు కూర్చున్నాం. మెరాపి అగ్నిపర్వతం పొగ గురించి, ఎలకల గురించి, టీవీలో వచ్చిన మహాభారతం గురించి మాట్లాడారు. మీ దేశంలో కర్ణుడు మంచివాడేనా అని నన్ను అడిగారు. భూమి మాటే రాలేదు. లేచేటప్పుడు మాత్రం, చెట్టు కాయలు ఎవరివి అన్నారు. మీవే అన్నాను.

కుర్రాళ్లు మళ్లీ వచ్చిన రోజు అందరికంటే ముందు వచ్చింది ఎంబాయే. వెదురు గూటం ఆయనే తెచ్చి ఆయనే పాతారు, మా వైపు ఓ అడుగు లోపలికి. ఇరవై రెండు మీటర్ల పొడవున అడుగు అంటే ఎనిమిది గజాలు పోయినట్టు. మా ఆవిడ వంక చూశాను, ఆవిడ కాగితం వంక చూసి సంతకం పెట్టేసింది. ఇప్పుడు అక్కడ సిమెంటు రాయి ఉంది. పనసకాయలు మాత్రం ఆయనవే, గూడెగ్ (వాళ్ల పనసకాయ కూర, బెల్లమూ కొబ్బరిపాలూ పోసి పూటంతా ఉడికిస్తారు) వండాలంటే ఇప్పటికీ వెళ్లి అడగాల్సిందే.

పొలం సంగతి వేరు

వరి పొలం కొనడానికి ఇంకో అడ్డం ఉంది. 1961 నాటి నియమం, యజమాని అదే మండలంలోనో, పక్క మండలంలోనో నివాసం ఉండాలి. పట్నంలో ఉంటూ ఊళ్లో పొలాలు కూడబెట్టేవాళ్లను ఆపడానికి పెట్టారు. మీ ఆవిడ కేటీపీలో అడ్రస్ జకార్తా ఉంటే ముందు ఊరికి మార్పించండి. పొలంగా నమోదైన దాంట్లో ఇల్లు కట్టడానికి వీల్లేదు, మార్పించుకోవాలి, అది ఆహార పంటల రక్షిత భూమి కిందికి వస్తే దాదాపు మర్చిపోవచ్చు.

మీరు సొంతంగా సాగు చేయలేరు, నేనూ చేయట్లేదు. మారో అంటారు, సగపాలు. పంట కోతకు రాకముందే చేలో నిలబడి చూసి బేరం చేసి, మొత్తం కోసుకుపోయే వ్యాపారి ఉంటాడు. అరెకరమంటే మనకి చిన్నదిగా అనిపిస్తుంది గానీ జావాలో చాలామంది రైతులకి అంత కూడా లేదు, కాబట్టి ఇప్పుడు దాన్ని దున్నుకుంటున్న మనిషి ఎవరో కనుక్కోండి. అతన్ని మార్చకండి.

ఇంకొకటి, బెంగ్‌కోక్ అనే భూములుంటాయి. ఊరి పెద్దకీ సిబ్బందికీ జీతం బదులు అనుభవించమని ఇచ్చేవి. "సర్పంచే కదా ఇస్తున్నాడు" అని అందులోకి దిగకండి, అది ఆయన పదవితో వచ్చి పదవితో పోయేది.

ఇల్లు చూసేటప్పుడు

"పాత ఇల్లు అమ్మకానికి" అన్నప్పుడు నేల కూడా కలిపా అని అడగండి. నవ్వకండి. జావా కొయ్య ఇళ్లు, జోగ్లో, లిమాసాన్ అనేవి, మేకులు లేకుండా కూసాలతో బిగిస్తారు, విప్పి లారీలో వేసుకుపోయి ఇంకో ఊళ్లో నిలబెట్టుకుంటారు. ఇల్లు ఒకరికి, నేల ఒకరికి అమ్మడం మామూలే. మా మిల్లులో పనిచేసిన ఒకాయన అడ్వాన్సు ఇచ్చాక తెలుసుకున్నాడు తను కొంటున్నది టేకు స్తంభాలు మాత్రమేనని.

ఇటుక గోడల ఇల్లయితే 2006 గుర్తుపెట్టుకోండి. ఆ మే 27 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో యోగ్యకర్తా, క్లాతెన్ ప్రాంతాల్లో 5,700 మందికి పైగా పోయారు, ఎక్కువ మంది ఇంటి గోడల కిందే. అప్పటి తర్వాత కట్టిందా, ముందుదా అడగండి. మూలల్లో కాంక్రీటు స్తంభాలు, పైన చుట్టూ బీము ఉన్నాయో లేదో మేస్త్రీని తీసుకెళ్లి చూపించండి. పైన పెంకు బరువు తక్కువేం కాదు.

ప్రహరీ గోడ కట్టకండి, కనీసం మొదటి ఏడాది. నేను కట్టాను. మన అలవాటు కదా, స్థలం కొనగానే చుట్టూ గోడ. జావా పల్లెలో దొడ్లన్నీ తెరిచే ఉంటాయి, ఒకరి వాకిట్లోంచి ఒకరు నడుస్తారు. నా గోడ సరిగ్గా ఆడవాళ్లు బావికెళ్లే దారికి అడ్డం పడింది. ఎవరూ ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు, అంతే. పదో రోజు మేస్త్రీని పిలిచి మూడడుగుల సందు కొట్టించాను. ఆ సాయంత్రం ఎవరో గుమ్మంలో బొప్పాయి పెట్టి వెళ్లారు.

ఇక బతుకు

మా నలుగురికీ నెలకి అరవై లక్షల రుపియా అవుతుంది, మన ముప్పై వేల చిల్లర. స్కూలు ఫీజులు కాకుండా. కరెంటు ప్రీపెయిడ్, ఫోన్ రీచార్జ్‌లాగా కార్డు కొట్టాలి, అయిపోయే ముందు మీటరు కూస్తుంది, ఎప్పుడూ రాత్రి రెండింటికే కూస్తుంది. నెట్ బాగానే వస్తుంది. చిన్న రోగాలకి పుస్కెస్‌మాస్, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు, పెద్దదైతే యోగ్యకర్తానో సోలోనో వెళ్లాలి.

మనిషి ఖర్చు అన్నాను కదా, అది ఇలా ఉంటుంది. ముప్పై నలభై ఇళ్లకి ఒక ఆర్‌టీ, దానికో పెద్ద. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఇరవై నాలుగ్గంటల్లో ఆయనకి చెప్పాలి, మా అమ్మానాన్న వచ్చినప్పుడు కూడా పాస్‌పోర్టు కాపీలు పట్టుకెళ్లాను. వారానికో రాత్రి నా గస్తీ వంతు, నాది మంగళవారం. అయిదుగురం తిరుగుతాం. ప్రతి ఇంటి గుమ్మం పక్కన వేలాడే ప్లాస్టిక్ డబ్బాలో 500 రుపియా నాణెం ఉంటుంది, అది తీసుకుని పుస్తకంలో రాయాలి. జింపితాన్ అంటారు, పూర్వం చిటికెడు బియ్యం వేసేవాళ్లట, పేరు ఆ చిటికెడు నుంచే వచ్చింది. దొంగల కోసం తిరుగుతున్నామని పేరు గానీ నాకు తెలిసి ఒక్క దొంగా దొరకలేదు. ఏ ఇంట్లో లైటు వెలగలేదో, ఎవరు దగ్గుతున్నారో తెలుస్తుంది. డబ్బులిచ్చి తప్పించుకోవచ్చు, కొందరు ఇస్తారు కూడా. మీరు మాత్రం మొదటి రెండేళ్లు ఇవ్వకండి.

ఆదివారాలు శ్రమదానం, కాలవలు తీయడం. ముప్పై అయిదు రోజులకోసారి మీటింగు. ఎందుకు ముప్పై అయిదంటే మన ఏడు రోజుల వారంతోపాటు వాళ్లకి అయిదు రోజుల చక్రం ఒకటుంది, లెగి, పహింగ్, పోన్, వాగే, క్లివోన్ అని, రెండూ కలిసి మళ్లీ మొదటికి రావడానికి అన్ని రోజులు. సంత కూడా ఆ లెక్కనే, కొన్ని ఊళ్లలో పోన్ రోజున, కొన్నిట్లో వాగే రోజున.

పెళ్లిళ్ల సీజన్‌లో చేతిలో డబ్బు ఉంచుకోండి. మా ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంది, అచ్చం మన ఊళ్లోదే, ఎవరు ఎంతిచ్చారు, మనం ఎంతివ్వాలి. జావా క్యాలెండర్‌లోని బెసార్ నెలలో ఒక్క ఆదివారం మూడేసి పెళ్లిళ్లు పడతాయి. సూరో నెలలో ఒక్కటీ ఉండదు, మన ఆషాఢంలాగా. ఆడవాళ్లకైతే రెవాంగ్ ఇంకా బరువు, పెళ్లింట్లో రెండు మూడు రోజులు వంటసాయానికి వెళ్లాలి. మీ ఆవిడ జకార్తాలో పెరిగుంటే ఈ ప్రశ్న మీరు అడగాల్సింది నన్ను కాదు, ఆవిడని. మగాళ్లం గస్తీ తిరిగి కథలు చెప్పుకుంటాం, అసలు చాకిరీ వాళ్లది.

చావు కబురు మైకులో వస్తుంది. విన్నాక ఏ పనున్నా ఆపి వెళ్లాలి. గంటలో పందిరి, కుర్చీలు, గొయ్యి తవ్వేవాళ్లు, అన్నీ తయారు, పిలవక్కర్లేదు. మొదట్లో ఒకసారి నేను ఆన్‌లైన్ మీటింగ్‌లో ఉండి అరగంట లేటుగా వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు, కానీ నాకివ్వడానికి పని ఏమీ మిగల్లేదు, ఖాళీ చేతులతో నిలబడ్డాను, అదింకా గుర్తుంది.

తిండి గురించి ఒక్క మాట. చింతపండు, కొబ్బరి, పచ్చిమిరప అన్నీ ఉన్నాయి, కరివేపాకు చెట్టు నేనే పెంచాను. మునగచెట్టు ఊరంతా ఉంటుంది. మునగాకు కోసి పప్పులో వేస్తే మా అత్తగారు గుండె పట్టుకున్నారు, వాళ్లకి అది శవానికి స్నానం చేయించేటప్పుడు వాడే ఆకు, దిష్టీ చేతబడీ తీసేది. ఇప్పుడు తింటారు గానీ ఎవరికీ చెప్పరు.

మీరు వెంటనే చేయాల్సింది ఇదీ. పిన్ని గారి సర్టిఫికెట్ మీద ఎవరి పేరుందో చూడండి. ఆవిడ పేరే అయితే ఆరు నెలల పని, తాత పేరో నాన్న పేరో అయితే వారసుల లిస్టు రాయించి రెండేళ్లు పెట్టుకోండి, అప్పటిదాకా అడ్వాన్సు పది శాతం దాటనివ్వకండి. మీ ఒప్పందం నమోదైందా, మీ ఆవిడ కేటీపీ ఎక్కడిది, పొలం ఎవరు చేస్తున్నారు, ఈ మూడూ కింద రాయండి, మిగతాది చెప్తాను. ఇవాళ మంగళవారం, రేపు చూస్తా.